క్లాసులో నేను నానమ్మని కాదు

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అలాంటిదాన్ని అరవై ఎనిమిదేళ్ళ వయసులో, షామ్‌బర్గ్‌లో మా అబ్బాయి వంటింటి బల్ల ముందు కూర్చుని, కంప్యూటర్లో టీచరునయ్యాను. నాకు విద్యార్థి ఒక్కతే. మా మనవరాలు, తొమ్మిదేళ్ళది.

అబ్బాయీ కోడలూ విడిపోయాక, కోడలు పిల్లను తీసుకుని ఉద్యోగానికి దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్ వెళ్ళిపోయింది. మావాడు సెలవుల్లో విమానమెక్కి వెళ్ళి కూతుర్ని చూసి వస్తాడు. నా మోకాళ్ళకు అంత ప్రయాణం పడదు. ఫోన్ చేస్తే పిల్ల "హాయ్ నానమ్మా, బై నానమ్మా" అని పారిపోయేది. రెండేళ్ళు ఆ రెండు ముక్కలతోనే గడిచాయి.

ఒకరోజు కోడలే ఫోన్ చేసింది.

"ఆంటీ, దానికి ఆన్‌లైన్‌లో తెలుగు పెట్టిద్దామని చూస్తున్నాను. నేటివ్ స్పీకర్, వన్ ఆన్ వన్ అయితేనే మాట వస్తుందంటున్నారు. మీకంటే నేటివ్ ఎవరుంటారు? శనివారం అరగంట చెప్తారా? షెడ్యూల్‌లో ఉంటే బుద్ధిగా కూర్చుంటుంది. ఊరికే మాట్లాడమంటేనే కూర్చోదు."

పదేళ్ళు అత్తయ్యా అని పిలిచిన నోటితో ఆంటీ అంది. అది మింగి సరేనన్నాను. వారానికి అరగంట ఆ ముఖం కళ్ళారా చూడొచ్చు. నాకు కావలసింది అదే.

కానీ భయం పట్టుకుంది. క్లాసు క్లాసులా లేకపోతే, ముసలావిడ కబుర్లతో కాలక్షేపం చేస్తోందని కోడలు మాన్పించేస్తే? అందుకని పోస్టులో వచ్చే ప్రకటన కాగితాలు పారేయకుండా దాచి, వెనకవైపు పెద్ద పెద్ద అక్షరాలు రాసి సిద్ధంగా పెట్టుకునేదాన్ని. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండైతే అక్కడ పొద్దున పది. నిమిషం ఆలస్యం చేసేదాన్ని కాదు, చేయనిచ్చేదాన్నీ కాదు.

మొదటి రోజు పిల్ల తెర మీదికి వస్తూనే "నానమ్మా!" అని కేకేసింది.

"క్లాసులో నేను నానమ్మని కాదు. టీచర్ని. టీచర్ అని పిలువు," అన్నాను.

ఆటనుకుని నవ్వింది. మళ్ళీ నానమ్మా అంది. నేను పలకలేదు. మూడోసారి, మెల్లగా, "టీచర్" అంది.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అనే ఇంట్లో పెరిగాను. నాకు చదువు చెప్పిన మాస్టారు ఒక్కనాడూ నవ్వి ఎరగడు. చదువు చెప్పడమంటే అదేననుకున్నాను.

ఒక శనివారం పిల్ల కెమెరా దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. "టీచర్, చూడు, నా టూత్ పడింది!"

"పళ్ళ సంగతి తర్వాత. ముందు గుణింతం పూర్తి చెయ్యి."

ఇంకోసారి కొత్తగా తెచ్చుకున్న పిల్లిపిల్లను ఎత్తి చూపించింది. దాన్ని దింపి పుస్తకం తియ్యమన్నాను. దేన్నీ వృథా చేయడం నాకు చేతకాదు. ఆ అరగంటనూ అలాగే వాడుకున్నాను, ఒక్క నిమిషం పోనివ్వకుండా.

ఎనిమిది నెలలకు పిల్లకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. "సూపర్ ఆంటీ!" అంది కోడలు. పొంగిపోయాను.

ఆ పైవారం పిల్ల పుస్తకం లేకుండా వచ్చి కూర్చుంది.

"టీచర్, నేను స్విచ్ చేస్తున్నాను. నెక్స్ట్ మంత్ నుంచి స్పానిష్."

"స్పానిషా? ఎవరు చెప్తారు?"

"మెక్సికో టీచర్. ట్రయల్ క్లాస్ చేశాను. షి ఈజ్ సో ఫన్నీ! తనకి కూడా క్యాట్ ఉంది. హాఫ్ క్లాస్ క్యాట్స్ గురించే మాట్లాడాం, స్పానిష్‌లో."

"మరి తెలుగు?"

"అమ్మ ఒకటే క్లాస్ అంది. మా ఫ్రెండ్ కూడా పియానో టీచర్‌ని మార్చింది. ఇట్స్ ఓకే, టీచర్."

నన్ను ఓదార్చింది. ఆ ముఖంలో కల్మషం లేదు. టీచర్లను మార్చుకోవచ్చు. టీచర్నని చెప్పింది నేనే.

కోడలు తెరలోకి వంగింది. "సారీ ఆంటీ. స్కూల్లో కూడా పనికొస్తుందని..."

"నేర్చుకోనీ అమ్మా. శనివారం మాత్రం ఊరికే ఒకసారి కనిపించమను. క్లాసు వద్దు."

ఎవరినీ ఏదీ అడిగి ఎరగని గొంతు నాది. ఆరోజు అడిగింది.

"ఎందుకు కనిపించదు ఆంటీ," అంటూ కోడలు పిల్ల వైపు చూసింది. పిల్ల నుదురు ముడిచింది.

"క్లాస్ లేకపోతే ఏం చేస్తాం?"

వెక్కిరింత కాదు. నిజంగానే తెలియక అడిగింది. నాకూ తెలియలేదు. ఎనిమిది నెలల్లో దానికి ఏ కూర ఇష్టమో కూడా నేను అడగలేదు. తడుముకుని, తడుముకుని, "అక్కడ వాన పడుతోందా?" అన్నాను.

"లేదు. ఇక్కడ వాన పడటం లేదు," అని పూర్తి వాక్యంలో జవాబు చెప్పి, నిటారుగా కూర్చుని, తర్వాతి ప్రశ్న కోసం నా వైపు చూసింది.