సారా సీసాలో దాచిన గడ్డ

సెర్బియా పడమటి కొండల్లోని ఆ ఆసుపత్రిలో విదోసావ కుర్చీలో నిలవదని అందరికీ తెలుసు. జనం ఒంట్లోంచి కోసిన ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి జబ్బుకు పేరు పెట్టడం ఆవిడ పని. ఒక చూపు చూస్తుంది, లేస్తుంది, చల్లారిన కాఫీ గుక్కెడు తాగుతుంది, మళ్లీ కన్ను ఆనిస్తుంది. ఆ బుధవారం మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

సూక్ష్మదర్శిని కింద గాజు పలక మీదున్నది రాదిసావ్ వేలి గడ్డలోంచి తీసిన చిన్న చెక్కు. అతను పెళ్లిళ్లలో ట్రంపెట్ ఊదేవాడు. గడ్డ లేచింది సరిగ్గా మీట నొక్కే నడిమి వేలి మీద. చెక్కులో పైచర్మం అడ్డదిడ్డంగా లోపలికి దిగబడింది. ఎవరు చూసినా క్యాన్సరే అంటారు.

"ఇంకా ఏం చూస్తావు? రాసెయ్. రేపు వేలు తీసేస్తాను," అన్నాడు సర్జన్ బొగొల్యుబ్ తలుపు దగ్గరే నిలబడి.

"చెక్కు మరీ పైపైన తీశారు. కింద ఏముందో తెలియాలి."

"కింద ఏముంటుంది, వేలుంటుంది. అదీ రేపటిదాకానే."

ఆవిడకు ఒళ్లు మండింది. అడుగున వేరే గడ్డ పెరిగితే పైచర్మం క్యాన్సర్ వేషం వేయడం కద్దు. అరుదే, కానీ కద్దు. తొందరపడితే వేలు దండగ. నాన్చితే, నిజంగా క్యాన్సరైతే, మనిషికే ముప్పు. ఇక కూర్చోలేక వార్డుకు పరిగెత్తింది.

రాదిసావ్ ట్రంపెట్ మీటలు నొక్కుతున్నట్టు దుప్పటి మీద మూడు వేళ్లూ ఆడించుకుంటున్నాడు.

"మీ ఊరి డాక్టరు గడ్డంతా కోశాడుగా. మాకు పై చెక్కే పంపాడు. మిగతాది ఏమైంది?"

అతను నేల చూపులు చూశాడు.

"చెప్పవయ్యా, సిగ్గెందుకు," అంది భార్య మిలుంక. "నా ఒంటిది నాకిమ్మని తెచ్చుకున్నాడు డాక్టరమ్మా. మనిషి మొత్తంగా మట్టిలోకి పోవాలట. వాళ్ల నాన్న ఊడిన పళ్లు కూడా పెట్టెలో పెట్టే పూడ్చారు."

"ఎక్కడ దాచావు?"

"ప్లమ్ పళ్ల సారాలో," గొణిగాడు రాదిసావ్. "రెండుసార్లు కాచిందే పోశాను. మంచి సరుకు."

తిట్టాలో దణ్ణం పెట్టాలో విదోసావకు తోచలేదు. అంత ఘాటు సారాలో కండ కుళ్లదు. "వెళ్లి పట్రా తల్లీ," అంది మిలుంకతో. బొగొల్యుబ్ చేత బతిమాలో బెదిరించో ఆపరేషను వాయిదా వేయించింది.

సీసా వచ్చింది. ముక్క ముడుచుకుపోయి గట్టిపడింది. పనికొస్తుందో లేదోనని, కోసి రంగు పట్టించేదాకా ఆవిడ గోళ్లన్నీ కొరికేసుకుంది. చివరికి కన్ను ఆనించింది. చర్మం కింద కణాల నిండా రవ్వ పోసినట్టు సన్నటి పలుకులు. నరాల తొడుగులో పుట్టే అరుదైన గడ్డ. నరాలకు పట్టే రంగు కూడా చక్కగా పట్టింది. క్యాన్సర్ కాదు.

బొగొల్యుబ్ చాలాసేపు చూశాడు. "క్యాన్సర్ వేషమే," అన్నాడు.

వార్డుకెళ్లి క్యాన్సర్ కాదని విదోసావ చెప్పగానే మిలుంక ఏడ్చేసింది.

"అడుగున కాస్త మిగిలుంటే తీసేస్తారు, అంతే. నీ ముక్క మాత్రం పల్చగా కోసేశానయ్యా, కొంచెమే మిగిలింది. తీసుకెళ్తావా?"

"మీ దగ్గరే ఉంచుకోండి డాక్టరమ్మా," అన్నాడు వేలు నిమురుకుంటూ. "మట్టిలోకి నాతో ఇది వస్తుంది."