మూసా నింపిస్తానన్న క్యాసెట్

ఎనభైల్లో కరీంనగర్ నుంచి లిబియాకు మేస్త్రీ పనికి పోయినప్పుడు మా పక్కగదిలో మూసా ఉండేవాడు. మాలీ దేశపు ఎడారి మనిషి. వారమంతా నాతోపాటు కాంక్రీటు పోసి, శుక్రవారం సెలవు రాగానే గిటార్ అందుకునేవాడు. ఒకే వరస తిరిగి తిరిగి వచ్చే ఆ వాయింపు నాకు విసుగు.

ఒక శుక్రవారం నా దగ్గర ఖాళీ క్యాసెట్ చూసి, "ఇటివ్వు, రెండువైపులా నా పాటలు నింపిస్తాను" అన్నాడు అరబ్బీలో. ఎంతకు అని అడిగితే నవ్వాడు. వాళ్ల పాటలు దుకాణాల్లో దొరకవట. ఎవరు ఖాళీ క్యాసెట్ తెస్తే వాళ్లకు ఊరికే పాడి ఇస్తారట. వింతగా అనిపించింది గానీ ఇవ్వలేదు. ఇంటికి నా మాటలు పంపడానికి దాచుకున్నది అదొక్కటే.

ఆ సాయంత్రం రికార్డు మీట నొక్కగానే గోడ అవతల గిటార్ మొదలైంది.

"బస్, మూసా! జర ఆపు!" అని అరిచాను.

వెంటనే ఆపేశాడు. నెల తిరక్కముందే పని మారి ఎటో పోయాడు.

రెండేళ్లకు ఇల్లు చేరితే నా భార్య ఆ క్యాసెట్ పెట్టింది. ముందు కాస్త గిటార్, తర్వాత నా అరుపు, ఆపైన అరగంట ఇంటి పెంకుల గురించి, బర్రె గురించి నా మాటలే.

"గంత మంచిగ వాయిస్తుంటే ఎందుకు ఆపిచ్చినవ్? ఎవలాయన?" అంది.

ఆ వాయింపును ఎడారి బ్లూస్ అంటారని చాలా ఏళ్లకు రేడియోలో విన్నాను. ఇప్పటికీ ఆ క్యాసెట్ పెడతాను. నా గొంతు రాకముందే ఆపేస్తాను.