ఫోప్పా వాలు దాటని ఉదయం

బ్రైడాకు మంచు అంటే భయం. పుట్టింది ఆ స్విస్ లోయలోనే, చేసేది మంచును పరీక్షించి కొండదారి తెరవాలో మూయాలో చెప్పే పని. అలాంటి మనిషికి భయమేమిటని ఊళ్ళో నవ్వేవారు. ఆమె మాత్రం చలికాలమంతా వాలు మీదికి బయల్దేరేముందు ఏమీ తినలేకపోయేది. తన తండ్రిని విరిగిపడ్డ మంచుచరియ కిందనుంచి తవ్వి తీసిన రోజు ఆమె అక్కడే ఉంది.

ఆ ఫిబ్రవరిలో ఎడతెరిపి లేకుండా మంచు కురిసి, పైనున్న సూరా పల్లెకు దారి మూతపడింది. మబ్బు కిందికి దిగడంతో హెలికాప్టర్ ఎగరలేదు. సరిగ్గా అప్పుడే సూరాలో లదీనాకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయని ఫోను వచ్చింది. మంత్రసాని మెంజా సంచీ వీపున వేసుకుని బ్రైడా వాకిట్లో నిలబడింది. అరవై దాటినా స్కీల మీద ఆమెను అందుకోవడం కష్టం.

"పదవే. ఫోప్పా వాలుకి అడ్డంపడి పోదాం, సూరాకి అదే దగ్గర దారి."

"ముందు చూడనీ అత్తా."

"చూడు, చూడు. నువ్వు చూసేలోగా ఆ పుట్టేదానికి పెళ్ళీడొస్తుంది."

వాలు అంచున బ్రైడా పారతో గొయ్యి తవ్వింది. పైన గాలి కొట్టి బిగిసిన మంచు, పలకలా ఉంది. దాని కింద పంచదార పలుకుల్లాంటి మంచు. పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. నిలువుగా ఒక దిమ్మ కోసి, దాని మీద పార పెట్టి అరచేత్తో మెల్లగా తట్టింది. పై పలక సర్రున జారి ఆమె ఒళ్ళో పడింది. అంత తేలిగ్గా జారే మంచు మనిషి బరువుకి ఆగదు.

"వద్దత్తా. అడవిలోంచి పోదాం."

"అడవిలోంచా? మధ్యాహ్నమవుతుంది! పెళ్ళయిన దగ్గర్నించీ దాటుతున్నా ఈ వాలు. నాకు చెబుతావా?" అంటూనే మెంజా వాలు మీదికి వెళ్ళిపోయింది.

ఎంతో దూరం పోలేదు. కింద ఎక్కడో పెద్ద తలుపు మూసినట్టు 'ధబ్'మంది. మెంజా స్కీల దగ్గర్నుంచి సన్నని పగులు ఒకటి పైకి పాకింది.

"కదలకు!"

"ఏమిటే ఆ చప్పుడు?"

"కదలొద్దన్నానా! నోరు మూసుకో అత్తా, నీకు దణ్ణం పెడతా."

తను వెళితే తన బరువు కూడా ఆ పలక మీద పడుతుంది. వెళ్ళకపోతే ముసలావిడ ఒంటరి. తలెత్తి పైకి చూసింది. వాలంతా తన మీదికే వంగినట్టనిపించింది.

"తిరక్కు. వచ్చిన జాడలోనే వెనక్కి జరుగు. మెల్లిగా."

మెంజా జరిగింది. ఒకచోట మెంజా ఆగిపోయి, "నా వల్ల కాదే" అంది. అంతవరకూ ఆ నోట అలాంటి మాట ఎవరూ వినలేదు. "అవుతుంది. రా. నన్నే చూడు," అంది బ్రైడా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. చివరికి ముసలావిడ చెయ్యి అందింది, ఆమె గట్టుమీదికి రాగానే ఇద్దరూ మంచులో కూలబడి ఒకరినొకరు పట్టుకున్నారు.

అడవిలోంచి ఎక్కారు. చెట్ల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఒకరు దాటేవరకూ రెండోవారు చరియ పడుతుందేమోనని పైకి చూస్తూ నిలబడ్డారు. సూరా చేరేసరికి బిడ్డ పుట్టేశాడు. తండ్రి దూరీ ఫోనులో డాక్టరు చెబుతుంటే తన చేతులతోనే తీశాడు. బిడ్డ పిడికెడు, పెదాలు నీలంగా ఉన్నాయి. మెంజా కోటు విప్పి బిడ్డను తన గుండెకు అదుముకుని పొయ్యి పక్కన కూర్చుంది. కాసేపటికి బిడ్డ ఏడ్చాడు.

తర్వాత దూరీ బ్రైడా మీద విరుచుకుపడ్డాడు. "ఫోప్పా మీదుగా వస్తే ఎప్పుడో వచ్చేవాళ్ళు! నీ పిరికితనానికి వీడు పోయుంటే?"

మెంజా ఊరుకోలేదు. "నోర్ముయ్‌రా! ఆ వాలు నా కాళ్ళకింద కుంగింది. ఇది వెనక్కి పిలవకపోతే నేనిప్పుడు మంచుకింద ఉందును, నీ కొడుక్కి ఎవరూ ఉండేవాళ్ళు కాదు."

ఆ ఏడాది ఫోప్పా వాలు విరిగిపడలేదు. ఏప్రిల్‌లో మంచు ఉన్నచోటే కరిగిపోయింది. "నీ చరియ ఏదమ్మా బ్రైడా, ఇంకా దారిలో ఉందా?" అని సారాకొట్టులో ఆటపట్టించారు. ఆ ఉదయం దాటగలిగేవారేనేమో, ఆమెకూ తెలియదు. మెంజా మాత్రం ఇక ఎన్నడూ ఆ వాలు మీద కాలు పెట్టలేదు. వేసవిలో అక్కడ ఆవులు మేస్తున్నా సరే, చుట్టూ తిరిగి అడవిలోంచే వెళ్ళేది.