విమల పెద్దమ్మ డిస్కులు

మా అమ్మకు అక్క, మా విమల పెద్దమ్మ ఇక లేదని అశోక్‌నగర్‌లోని వాళ్లింటి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ముందురోజే ఖాళీ డీవీడీలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమని నాకు పురమాయించిన మనిషి, చెప్పాపెట్టకుండా ఎలా పోతుంది? దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది.

నారాయణగూడలో లెక్కల టీచరుగా ఆమెను ఎరిగినవారు చాలామంది. విశ్రాంత జీవితంలో ఆమె చేసిన తపస్సు కొందరికే తెలుసు. పక్షవాతంతో పెదనాన్నకు మాట పోయింది, కాలూచేయీ పడిపోయాయి. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే ఆయన మాట వింటుంది. పాత డీవీడీ ప్లేయరు రిమోట్‌లో పెద్ద ప్లే బటన్‌ను ఆ వేలు నొక్కగలదు. అందుకే పెద్దమ్మ ప్రవచనాలూ, బంధువుల పెళ్లిళ్లూ, మనవల ఆటలూ కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని, డిస్కులకు ఎక్కించి ఆయన ముందు పెట్టేది.

ఆమె కొడుకు, మా శ్రీధర్ అన్న, స్మార్ట్ టీవీ కొంటానని పోరేవాడు. "అమ్మా, గీ డిస్కుల జమానా అయిపోయింది. జర నా మాట విను."

"నీ టీవీల ఏది చూడాలన్నా పది బటన్లు నొక్కాలె. మీ నాయిన ఎవ్వర్నీ అడగకుండ, తనంతట తాను చేసుకునే పని గిదొక్కటే మిగిలింది. గది ఎవ్వర్నీ గుంజుకోనియ్య" అనేది.

చిక్కడపల్లి దుకాణదారు ఒకసారి "ఇప్పుడు గివి ఎవరు కొంటున్నరమ్మా?" అన్నాడట. "నేను కొంటున్న గదా, కనిపిస్తలేనా?" అని గద్దించి వచ్చింది.

మొట్టమొదటి డిస్కులో ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కించింది. కంప్యూటర్‌లో చక్కగా ఆడింది, టీవీలో మాత్రం బొమ్మ రాలేదు. పెదనాన్న నొక్కీ నొక్కీ, ఆ వేలు కూడా పోయిందనుకుని ఏడ్చారు. ప్లేయరు చదవగలిగే రూపంలోకి ఫైలును మార్చాలని ఆమె అప్పుడు నేర్చుకుంది. ఆనాటి నుంచి ప్రతి డిస్కునూ అదే ప్లేయరులో చివరిదాకా తాను చూశాకే ఆయనకిచ్చేది. "బొమ్మ రాకుంటే ఆయన డిస్కును అనుమానించడు, తన వేలిని అనుమానిస్తడు" అనేది.

దినాలు ముగిసిన సాయంత్రం అన్న మళ్లీ ప్లేయరు మీద చెయ్యి వేశాడు. "ఇగ తీసేద్దాం. డిస్కులు ఎవరు చేస్తరు?"

"నేను చేస్త."

"ఎన్ని రోజులు చేస్తవ్?"

"పెదనాన్న వేలు ఆడినన్ని రోజులు."

అన్న ఫోనులో పెద్దమ్మ వీడియో ఒకటి ఉంది. దాన్ని మార్చి, డిస్కుకు ఎక్కించి, ఆమె కుర్చీలోనే కూర్చుని చివరిదాకా చూశాను. ఏడుపు ఆగలేదు, అయినా మధ్యలో లేవలేదు. తర్వాత రిమోట్ పెదనాన్న చేతికింద పెట్టాను. ఆయన నొక్కారు. పెద్దమ్మ టీవీలో చిక్కుడుకాయలు తుంచుతూ, "ఫోన్ పక్కన పెట్టి వచ్చి ఈనెలు తియ్యిరా" అని కొడుకును కసురుకుంది.

వీడియో అయిపోయి బొమ్మ ఆగింది. మళ్లీ పెట్టడానికి అన్న చెయ్యి చాపాడు. అంతలో పెదనాన్న వేలే నొక్కేసింది.

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దమ్మా, నీ లోటు మేమెవ్వరం తీర్చలేం. నీ ప్లేయరును మాత్రం ఎవ్వర్నీ కదపనియ్యం.