నల్లగోడ మీద హాజరు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, చేసి చూపించలేనిది ఒప్పుకోను. అయినా ఈ ఒక్కటి చెప్పకుండా పోతే నా మనసు ఊరుకోదు.

ఎనభైల్లో భద్రాచలం అవతల, అడవి అంచున ఒక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతికి చెప్పేవాణ్ణి. బడికి కొత్త బోర్డు ఎంచుకునే పని నా మీద పడింది. అక్కడి మేస్త్రీ మంచి మాటే చెప్పాడు.

"గోడకే నల్ల సిమెంటు పూస్త సారూ. కింది దాకా పూస్తే పిల్లలు గూడ రాసుకుంటరు."

నాకు తలకెక్కలేదు. ఖమ్మం పోయి, ఎత్తైన స్టాండు మీద నిలబడే పెద్ద చెక్కబోర్డు ఎంచి తెచ్చాను. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకోవాలని నా యావ. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోవద్దని హుకుం కూడా జారీ చేశాను.

బోర్డు మూలన రోజూ తేదీ, తరగతిలో మొత్తం ఎందరు, ఆ పూట ఎందరు వచ్చారు అని రాస్తాం కదా. జోగమ్మ అనే కోయపిల్లకు అది తానే రాయాలని ఆశ. తరగతిలో అందరికంటే పొట్టి. రోజూ వచ్చి నా పక్కన నిలబడేది.

"సారూ, ఇయ్యాల నేను రాస్త."

"ముందు ఎదుగు బుడ్డదానా, తర్వాత రాద్దువుగాని."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఛీ, ఏం నవ్వు అది!

ఆ వానాకాలం జోగమ్మకు మలేరియా తలకెక్కింది. వాగు పొంగి బస్సు రాలేదు. మంచం మీద మోసుకుంటూ భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికి ప్రాణం పోయింది. రిజిస్టరులో ఆ పేరు ఎర్రసిరాతో కొట్టేసింది నేనే. ముప్పై ఒక్కరు ముప్పై మంది అయ్యారు.

నెల తిరక్కముందే మేస్త్రీని పిలిచి, గోడకు కింది దాకా నల్ల సిమెంటు పూయించాను. ఆరడానికి మూడు రోజులు గదికి తాళం. తాళంచెవి నా జేబులోనే ఉంది. కిటికీలకు లోపల గడియ పెట్టింది కూడా నేనే.

నాలుగో రోజు పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని తలుపు తీశాను. గోడ మీద, నా నడుముకన్నా కింద, సుద్దతో రాసి ఉంది. ఆ రోజు తేదీ. మొత్తం 31. వచ్చినవారు 31. మూడంకెను అద్దంలో కనబడ్డట్టు ఎడమా కుడీ తిప్పేసి రాయడం జోగమ్మ అలవాటు, ఎన్నిసార్లు పలక మీద దిద్దించానో. ఇక్కడా అట్లాగే తిరగబడి ఉంది. మేస్త్రీకి చదువు రాదు. పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టాను, ముప్పై మందే.

సంగతి గూడెంలోకి పాకింది. మధ్యాహ్నానికి జోగమ్మ తల్లి వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. గోడ ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూసింది.

"ఏం రాసుంది సారూ?"

"ఇయ్యాల బడికి ఎంతమంది వచ్చిండ్రో రాసుందమ్మా."

"మా పిల్ల వచ్చిందా?"

తిరగబడ్డ ఆ మూడంకె వంక చూశాను.

"అవ్ అమ్మా, వచ్చింది," అన్నాను.

అది ఎవరు రాశారో ఇవాళ్టికీ నాకు అంతుబట్టలేదు. ఆ తల్లికి నేను చెప్పింది అబద్ధమో నిజమో కూడా తెలియదు.