ఆయన కాదు, ఆమె

"ఆయనకు జ్ఞానమును ఆయుష్షును దయచేయుము," అంది బ్లెస్సీ కళ్లు మూసుకుని.

సత్తవ్వకు ఒళ్లు మండిపోయింది. చేతిలో చేటను పక్కన పడేసింది.

"ఆయన కాదే, ఆమె! పొద్దటి సంది చెప్తున్న. ఆమె అన్న మాట నీ నోట్లె పలుకదా?"

"అలవాటైందవ్వా," అంది కూతురు.

అలవాటు కాక ఏమవుతుంది! ఆసిఫాబాద్‌లో వాళ్లు పోయే చిన్న మెథడిస్టు గుడిలో ప్రతి ఆదివారం దేశాన్ని ఏలేవాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. సత్తవ్వ పెళ్లై వచ్చిన నాటి నుంచీ అవే మాటలు. మునుపు ఒకామె రాష్ట్రపతిగా ఉన్నప్పుడు కూడా సంఘపెద్దలు ఐదేళ్లూ 'ఆయన'నే దీవించమని దేవుణ్ణి అడిగారు. ఒక్కరికీ చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

ఈసారి మాత్రం సత్తవ్వ ఊరుకోదలచుకోలేదు. ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఒక ఆదివాసీ ఆడబిడ్డ, ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, దేశానికి రాష్ట్రపతిగా గెలిచిందని టీవీలో వినగానే తన సొంత అక్క గెలిచినంత సంబరపడింది. వెంటనే కూతురి వంక చూసింది. ఎనిమిదో తరగతి. చదువులో ముందే ఉంటుంది. కానీ ఏం లాభం? చుట్టాలొచ్చి పేరడిగితే తల్లి కొంగు వెనక్కి పోయే రకం!

అందుకే సంఘపెద్ద ప్రేమ్‌చంద్ ఇంటికి పోయి, ఈ ఆదివారం ఆ ప్రార్థన బ్లెస్సీయే చేస్తుందని పట్టుబట్టింది. ఆయన చాలాసేపు నసిగాడు.

"సరే, గిదొక్కసారి. పిల్ల తడబడ్డదంటే మల్ల నన్ను అడుగద్దు సత్తవ్వా," అన్నాడు చివరికి.

ఇంత జరిగితే ఇంట్లో ఈ పిల్ల 'ఆయన'ను వదలదు. పైగా మొగుడు సామ్యూల్ ఒకడు, తీరుబడిగా చాయ్ ఊదుకుంటూ.

"ఆయనంటే ఏంది, ఆమెంటే ఏంది? దేవునికి తెల్వదా?"

"దేవునికి తెలుసు. గా గుడిల కూసున్నోళ్లకే తెల్వది! గా పదవిల ఆడమనిషి కూసుంటున్నదని నా బిడ్డ నోటితోని ఇనాలె."

సామ్యూల్ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి నడిచాడు.

ఆదివారం ముసురు పట్టినా గుడి నిండింది. అందరూ కళ్లు మూసుకున్నారు, సత్తవ్వ తప్ప. బ్లెస్సీ ముందుకు వచ్చి నిలబడింది. తల్లి పెదవులు ముందే 'ఆమె, ఆమె' అని కదులుతున్నాయి.

"మా దేశపు రాష్ట్రపతి కొరకు ప్రార్థించుచున్నాము. ఆయనకు..."

అయిపోయింది. సత్తవ్వ తల పట్టుకుంది. అన్ని రోజుల గొంతు చించుకోవడం బూడిదలో పోసిన పన్నీరైంది! మిగతాది తానే అందుకుందామని ప్రేమ్‌చంద్ గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, జర ఆగు," అంది బ్లెస్సీ. "తప్పు చెప్పిన. ఆయన కాదు, ఆమె. ఆమె గూడ నా లెక్క ఊరి పిల్లనే. ఆమెకు జ్ఞానం ఇయ్యి, ఆయుష్షు ఇయ్యి. నాకు గూడ గింత ధైర్యం ఇయ్యి."

గుడిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనకే అందరి గొంతులూ కలిసి "ఆమేన్" అన్నాయి. అందరికన్నా గట్టిగా సామ్యూల్ అన్నాడు. సత్తవ్వ కూడా నోరు తెరిచింది కానీ, ఆ మాట బయటికి రాలేదు. కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు.

బ్లెస్సీ వచ్చి పక్కన కూర్చుని తల్లి ముఖంలోకి చూసింది.

"ఆమేన్ అనవేందవ్వా? నీ నోట్లె పలుకదా?"