మా వంశంలో ఒక అమెరికా దొర

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలం అనుకోకండి, 2020. నాకు పన్నెండేళ్ళు. దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో ఉండేవాళ్ళం. విజిట్ వీసా మీద నెల్లూరు నుంచి వచ్చిన నాయనమ్మ, కరోనాతో విమానాలు ఆగిపోయి మా దగ్గరే చిక్కుకుపోయింది.

స్కూలు కూడా ఇంట్లోనే, ల్యాప్‌టాప్‌లో. టీచరు వంశవృక్షం గీసి పంపమన్నారు. ఇక నాయనమ్మకు పండగే... చింతపండులో గింజలు తీస్తూ మొదలుపెట్టింది.

"రాసుకోమే. మీ తాతకు తాత హోరేస్. ఆయన్ని కన్నది అమెరికా హోరేస్ దొర. ఓడెక్కి నెల్లూరికొచ్చినాడు. మనది దొర రక్తం!"

మా ఇంట్లో అందరి పేర్లలోనూ హోరేస్ ఉంటుంది. నాయనమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. దొర రక్తం ఆవిడ ఒంట్లో చుక్క కూడా లేదు, గొప్పలు మాత్రం ఆవిడవే. సాక్ష్యం మా డాడీ పిల్లికళ్ళు. మరి దొర భార్య ఎవరంటే, "పెద్దోళ్ళ సంగతులు నీకెందుకుమే" అనేది.

నేను బాగా నమ్మాను. క్లాసులో నా రంగు మీద జోకులేసేవాళ్ళకు ఆ దొరే నా జవాబు. అందుకే, పాత కుటుంబాల వివరాలు వెతుక్కునే ఒక వెబ్‌సైట్‌లో, నాయనమ్మకు కంఠతా వచ్చిన దొర పూర్తి పేరు పెట్టి వివరాలు అడిగాను. పది రోజులకు ఒక అమెరికా ఆవిడ జవాబిచ్చింది. ఆవిడా తన ముత్తాత తండ్రి హోరేస్ గురించే వెతుకుతోందట.

ఆయనది బూట్ల కొట్టు. సొంత ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. మన వైపు పెద్ద కరువొచ్చినప్పుడు, చర్చి ద్వారా ఒక అనాథ పిల్లాడి తిండికీ చదువుకీ సాయం పంపాడు. సాయం చేసినవాళ్ళ పేరు పిల్లాడికి పెట్టడం అప్పట్లో మిషన్ వాళ్ళ పద్ధతట... వాళ్ళు ఆయనకు రాసిన ఉత్తరం ఫోటో కూడా పంపింది. "పిల్లాడికి ఆరేళ్ళుంటాయి. తల్లి మోసుకొచ్చి మా గేటు దగ్గర దించి, అక్కడే చనిపోయింది. ఆమె పేరు ఎవరికీ తెలియదు."

మమ్మీ చదివి, "ఖలాస్, ఇంతటితో ఆపు. అత్తయ్యకు చెప్పబాక. ఈ వయసులో ఆవిడకున్న ఆ ఒక్క గొప్పా పోగొట్టడం ఎందుకు?" అంది.

నాలుగు రోజులు దాచాను. ఐదో రోజు చార్టు మీద దొర పేరు రాయబోయి ఏడ్చేశాను. నాయనమ్మకు మొత్తం చెప్పేశాను.

నాయనమ్మ ఆ ఉత్తరంలోని మాటలు నాతో ఇంకోసారి చెప్పించుకుంది. ఆవిడ మనసు విరిచేశానని భయమేసింది.

"తను తినకుండా బిడ్డకు పెట్టుంటాదిమే" అంది చివరికి. "లేకుంటే ఆరేళ్ళోడు బతికి ఆమె పోతాదా?... దొరను తీసెయ్. ఆమెను పెట్టు."

"పేరు లేదు కదా నాయనమ్మా."

"పేరు తెలీకపోతే మనిషి లేనట్టా? గడి గీసి పెట్టు. ఉండింది గదా ఆమె."

అలాగే పంపాను. ఒక గడి నింపలేదని టీచరు మార్కులు తగ్గించారు.

నాయనమ్మ ఆ మరుసటేడు నెల్లూరులో పోయింది. ఇప్పుడు ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే వంశం కొమ్మలతో సహా వచ్చేస్తోంది. నేనూ ప్రయత్నించాను... ఆమె గడి దగ్గరికొస్తే, పేరు టైప్ చేయందే యాప్ ముందుకు పోనివ్వదు.

మీ వంశంలోనూ పేరు పోయి, చేసిన పని మాత్రం మిగిలిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... ఇక్కడ పేరు లేకపోయినా పర్వాలేదు.